అటువైపు అరిగిన పాళీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు నన్నే పిలిచేవాళ్ళు. నేను చెయ్యి పెట్టాక ఇంకొకరిని పిలవాల్సిన అవసరం ఉండేది కాదు. అప్పటికి అది బాగుపడే దశ దాటిపోయి ఉండేది. టార్చిలైటు, అలారం గడియారం, మా అమ్మ కిరసనాయిలు స్టవ్వు, అన్నీ నా వైద్యంతోనే కన్ను మూశాయి. అయినా నాకు పిలుపులు ఆగేవి కావు. ఎందుకంటే ఏడో తరగతి సగంలోనే నేనూ బడీ విడిపోయాం. ఎవరు ఎవరిని వదిలారన్న విషయంలో మా అయ్యవారికీ నాకూ ఇంతవరకూ మాట కలవలేదు గానీ, పగలంతా ఇంటి దగ్గర ఖాళీగా దొరికే మగపిల్లవాడిని ఊళ్ళో నేనొక్కణ్ణే.

ముదిగుబ్బకు అటువైపు మా ఊరు. మా తాత అర్జీలు రాసేవాడు. తాసిల్దారు ఆఫీసు బయట ఒక చెక్కపెట్టె ముందు పెట్టుకుని కూర్చునేవాడు. బోరు ఎండిపోయిందని, గొర్రెలకు మేత లేదని, శెనక్కాయ పంట పోయిందని, మా చుట్టుపక్కల కష్టాలన్నీ ఆయన పెన్నులోంచే అనంతపురానికి పోయేవి. కష్టాలు తిరిగి వచ్చేవి, జవాబులు వచ్చేవి కావు, అది వేరే సంగతి. ఇన్ని ఊళ్ళ తరఫున రాసిన మనిషి ఇంట్లో మా అవ్వది మాత్రం వేలిముద్రే. నలభై ఏళ్ళ కాపురంలో, పేరు రాయడం నేర్పించమని ఆమె అడిగినప్పుడల్లా తాత నవ్వి, నేనుండగా నీకెందుకే అనేవాడట. తర్వాత ఆయన లేకుండా పోయాడు. ఆ మాటకు తగిన జవాబు చెప్పే అవకాశం కూడా ఆమెకు ఇవ్వకుండా పోయాడు. మా అవ్వకు ఆయన మీద దుఃఖం ఎంత ఉండేదో, కోపమూ అంతే ఉండేది.

అది తొంభైల చివర. ఆ వేసవిలో విత్తనాల కోసం శెనక్కాయలు వొలిచే ఆడవాళ్ళంతా మధ్యాహ్నాలు మా పంచలో చేరేవాళ్ళు. ఇంటరు దాకా చదివిన పక్కింటి అక్క, పెద్దవాళ్ళకు చదువు చెప్పే పథకంలో చేరి, చేతులు ఖాళీ లేని ఆ మనుషులకు నోటితోనూ గింజలతోనూ పాఠం చెప్పేది. నేల మీద గింజలు పేర్చి అక్షరం చూపించేది. మాటల్లో పడి కొంతమంది ఆ అక్షరాలను తినేసేవాళ్ళు. నేను గడప మీద కూర్చుని ఎవరు ఏ అక్షరం మింగారో లెక్క చెప్పేవాణ్ణి. ఆ లెక్కకు అక్క నన్ను రెండుసార్లు పలకతో కొట్టింది. మా అవ్వ మాత్రం ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోకుండా, ఇరవై రోజుల్లో తన మూడక్షరాల పేరును పట్టేసింది.

చదువు ముగిసే రోజున అనంతపురం నుంచి ఒక ఆఫీసరు వస్తాడని, నేర్చుకున్నవాళ్ళంతా ఆయన ముందు రిజిస్టరులో సంతకాలు పెట్టాలని అక్క చెప్పింది. అందరూ సరేనన్నారు. మా అవ్వ చేతిలోని కాయ వొలిచి, గింజ చేటలో వేసి, అప్పుడు నోరు విప్పింది.

"రాస్తే ఆయప్ప పెన్నుతోనే రాస్తా. లేకుంటే ఏలిముద్రే ఏస్తా."

ఆయప్ప అంటే మా తాత; ఆయన పోయినప్పటి నుంచీ ఆ పెన్ను రాయడం మానేసింది. అక్క ఎంత బతిమాలినా వినలేదు. రెండు రూపాయల రీఫిల్లు పెన్ను కొత్తది తెచ్చి చేతిలో పెడితే, దాంతో వీపు గోక్కుని తిరిగి ఇచ్చేసింది. నేర్చుకున్న మనిషి వేలిముద్ర వేస్తే అక్కకు ఎంత నామోషీయో నాకు పట్టలేదు. కానీ అవ్వ ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు, కళ్ళు తిప్పుకోలేదు. ఆమె జవాబు చెప్పాల్సింది ఆఫీసరుకు కాదు, తాతకు. ఆ సంగతి నాలాంటి వాడికి కూడా అర్థమైంది. ఆఫీసరు రావడానికి ఉన్న పదిరోజుల్లో పెన్ను బాగు చేసి ఇస్తానని నేను మాటిచ్చాను. పంచలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. మా అమ్మ నవ్వలేదు, ఇంట్లో మిగిలిన వస్తువుల వైపు ఒకసారి చూసుకుంది.

పెన్ను ట్రంకుపెట్టె అడుగున, తాత పంచె ముక్కలో చుట్టి ఉంది. నల్లగా, లావుగా, చేతికి బరువుగా ఉండేది. ఎప్పుడో బదిలీ అయి పోతూ ఒక తాసిల్దారు తాతకు ఇచ్చిపోయాడట. ఒంటి మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉండేవి. పాళీ బంగారు రంగులో ఉండేది. మర తిప్పి పైభాగం విప్పి లోపల సిరా పోసుకునే రకం. అయితే ఆ సిరా లోపలే ఎండి రాయైపోయింది. పాళీ కింద నాలుకలాగా ఒక నల్ల ముక్క ఉంటుందే, దాని గాడి నిండా మట్టిలాగా గడ్డకట్టుకుపోయింది. మర ఇటూ తిరగదు, అటూ తిరగదు.

నీళ్ళలో నానబెడితే సరి అనుకున్నాను. మా ఊళ్ళో నీళ్ళంటే బోరు నీళ్ళే. తాగే నీళ్ళు నాలుగు రోజులకొకసారి కుళాయికి వచ్చేవి. వాటిలో ఒక గ్లాసు పెన్నుకిమ్మంటే మా అమ్మ, ముందు నువ్వు తాగడం మానుకో, తర్వాత పెన్నుకు తాపుదాం అంది. బోరు నీళ్ళలోనే రెండు రోజులు ఉంచాను. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర కడుతుంది. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా పెన్నుకు ఆ సంగతి తెలియదులే అనుకున్నానేమో. మూడోరోజు తీసి ఎండబెడితే పాళీ చుట్టూ సున్నం వేసినట్టు తెల్లటి పొర. సిరా కరగలేదు సరికదా, దానికి తోడుగా రాయి కూడా చేరింది.

నాకు ఒళ్ళు మండింది. మనిషి మీద కోపమొస్తే తిట్టొచ్చు, పెన్నును ఏం తిట్టినా పైకి చూస్తూ పడుకుంటుంది. చన్నీళ్ళకు లొంగనిది వేన్నీళ్ళకు లొంగుతుందని, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో ముంచాను. మర వదిలింది. ఆ సంతోషం ఎంతసేపు? పెన్నులోంచి టైరు కాల్చిన వాసన. బయటికి తీస్తే నల్లటి ఒళ్ళు కాస్తా పాత బెల్లం రంగుకు తిరిగింది. ఆ నలుపు పై రంగు కాదనీ, ఆ గట్టి రబ్బరుకు వేడి పడదనీ నాకెవరు చెప్పారు? ఎవరినైనా అడిగితే గదా చెప్పడానికి.

ఆ బెల్లం రంగును చూడలేక సైకిలు పంక్చరు వేసేచోట గరుకు కాగితం అడుక్కొచ్చి రుద్దాను. రంగు కొంచెం పోయింది, దాంతోపాటు చెక్కిన అక్షరాలు కూడా సగం పోయాయి. మిగిలిన సగాన్ని చూసి, ఇంగ్లీషు వచ్చినవాడికి కూడా ఇప్పుడు నాకెంత అర్థమవుతుందో అంతే అర్థమవుతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఇక మా వైపు మనిషి ఏ వస్తువుకైనా చేసే ఆఖరి వైద్యం ఒకటుంది. తలుపు కిర్రుమన్నా, ఎద్దు మెడ ఒరుసుకుపోయినా, పసిబిడ్డకు జలుబు చేసినా మేం తెచ్చేది శెనగనూనే. నేనూ తెచ్చాను. ఒళ్ళంతా పట్టించాను. పెన్ను మిలమిలా మెరిసింది. ఆ మెరుపు చూసి పొంగిపోయి, పాళీ చీలికలోకీ, నాలుక గాడిలోకీ కూడా నాలుగు చుక్కలు దిగేలా వదిలాను. తర్వాత సిరా పోశాను. కాగితం మీద పెట్టి గీస్తే నూనె మరక పడింది. ఇంకొకసారి గీస్తే ఇంకొక మరక. సిరా మాత్రం పాళీ దగ్గరికి వచ్చి, జారి, పక్కకు తప్పుకుని నా బొటనవేలి మీద కూర్చుంది. ఊళ్ళో వేలిముద్రలు పోగొట్టడానికి చదువు చెబుతుంటే, మా ఇంట్లో నీలం వేలిముద్ర ఒకటి కొత్తగా తయారైంది.

తొమ్మిదో రోజు ఉదయం ఏడుపు మొహంతో బస్సెక్కాను. అనంతపురంలో ఒక మేడ మెట్ల కింద, కుర్చీ పట్టేంత చోటులో, పెన్నులు బాగుచేసే ఒక సాయిబు తాత ఉండేవాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, వాసన చూసి, వెలుతురుకు పెట్టి చూసి, నేను చేసినవన్నీ నేను చెప్పకముందే వరసగా చెప్పాడు. చివరికి నూనె ఏ నూనెనో కూడా చెప్పాడు. తాళింపు ఒక్కటే మర్చిపోయినావు అప్పా అన్నాడు. అంతవరకూ ఎదుటివాళ్ళను ఆడించే పని నాది. నన్ను ఆడించే మనిషి మొదటిసారి దొరికాడు.

అతను కుంకుడురసంలో పెన్నును ముక్కలు ముక్కలుగా కడిగాడు. తర్వాత బల్ల కింద నుంచి ఒక సీసా తీశాడు. అందులో నీళ్ళున్నాయి. పోయిన యేడు పడిన వాన నీళ్ళట, పెన్నుల కోసమే పట్టి దాచాడట. మా జిల్లాలో వానను సీసాలో దాచుకున్న మనిషిని అతన్నే చూశాను. ధర్మవరం నేత పట్టుపోగు ఒకటి తీసి పాళీ చీలికలో పెట్టి, పన్ను సందులో పుల్ల ఆడించినట్టు మెల్లగా అటూ ఇటూ లాగాడు. ఒక్కో లాగుడుకూ నల్లటి సిరా, తెల్లటి సున్నం, నా తెలివితక్కువతనం కొంచెం కొంచెంగా బయటికి వచ్చాయి.

పని జరుగుతుండగా నేను, ఇది అమ్మితే ఎంత పలుకుతుందని అడిగాను. అమ్మాలని కాదు, నేను పాడు చేసింది ఎంతదో తెలుసుకోవాలని. అతను తలెత్తకుండానే, బెంగుళూరులో పాత పెన్నులు ఏరుకునే వాళ్ళున్నారని, వాళ్ళకు కావాల్సింది ఆ నలుపూ, ఆ పేరూ అని, నేను రెండూ తీసేశానని చెప్పాడు. గీతలు పడి, మురికి పట్టి, ట్రంకుపెట్టెలో పడుంటే ఇంతకు పదింతలు పలికేదట. మెరిపించి చెడగొట్టావన్నాడు. నాకు ఆ మెట్లు నెత్తిన పడితే బాగుండుననిపించింది.

అన్నీ బిగించి, సిరా పోసి, కాగితం మీద ఉర్దూలో ఒక వరస, తెలుగులో ఒక వరస రాశాడు. ఎక్కడా తెగలేదు. నా ప్రాణం లేచి వచ్చింది. పెన్ను లాక్కుని నేను రాశాను. గీకింది. ఒక అక్షరం పడుతుంది, రెండు పడవు. ఇంకోసారి రాశాను, కాగితం చిరిగింది. అతని చేతిలో రాసింది, నా చేతిలో రాయనంటోంది. అతను మళ్ళీ తీసుకుని రాస్తే మళ్ళీ రాసింది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఏదో మాయ చేస్తున్నాడనుకుని, బాగు చేసి ఇవ్వమంటే ఇదేంటని గట్టిగానే అడిగాను.

అతను పాళీ కొసను భూతద్దం కింద పెట్టి చూపించాడు. కొస ఒక పక్కకు, కొడవలి అరిగినట్టు అరిగి ఉంది.

"చూడు అప్పా. పెన్నులో ఏం లోపం లేదు. ఇన్నేండ్లు ఒక్క చెయ్యే అరగదీసింది. నేను ఆ అరుగుడు చూసి పట్టినా, అందుకే నాకు రాసింది. నేను గీకితే రెండు నిమిషాల్లో నున్నగా అయితాది, నీ చేతికీ రాస్తాది. కానీ పోయిన అరుగుడు మళ్ళ రాదు. దీంతో రాయాల్సిన మనిషి ఎవరో, ముందు ఆ మనిషి చేతికియ్యి. అప్పటికీ రాయకుంటే తీసుకరా, గీకుతా."

అతను తీసుకున్నది ఒక టీ డబ్బులు. నాకది ఇంకా కోపం తెప్పించింది. పని పూర్తి చేయలేదు కాబట్టే కూలి తీసుకోలేదనుకున్నాను. తెల్లారితే ఆఫీసరు వస్తాడు. మళ్ళీ తీసుకురావడానికి రోజెక్కడిది? బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బీళ్ళను చూస్తూ, అతను చెప్పిన రెండు నిమిషాల పనేదో నేనే చేసేద్దామని తీర్మానించుకున్నాను. తొమ్మిది రోజుల్లో నాకు ఒంటబట్టిన జ్ఞానం అంత.

పొద్దు వాలకముందే ఇల్లు చేరి, కొడవళ్ళు నూరే సానరాయి తీసుకుని అరుగు మీద కూర్చున్నాను. రాయి మీద నీళ్ళు చల్లాను. పాళీని రాయికి ఆనించబోతుంటే మా అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఏం చేస్తున్నావని అడిగింది. ఇది రాయదు, తాత దీన్ని ఒక పక్కకు అరగదీసి పెట్టిపోయాడు, సరి చేస్తున్నానని విసుక్కున్నాను. ఇదంతా నీ మొండితనం వల్లే, రీఫిల్లు పెన్నుతో రాస్తే ఏం పోయేదని కూడా అన్నాను. అవ్వ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. గోడకు తగిలించిన క్యాలెండరులోంచి అయిపోయిన నెల కాగితం చించి, వెనక్కి తిప్పి, మోకాలి మీద పరుచుకుంది.

పెన్ను నిలబెట్టి పట్టుకోవాలని పక్కింటి అక్క నేర్పింది. అవ్వ అలా పట్టుకోలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులో పెన్నును దాదాపు పడుకోబెట్టింది. పాళీని కొంచెం ఎడమకు ఒరిగించింది. చిటికెనవేలు కాగితానికి ఆనించి, తల కొద్దిగా వాల్చింది. అది అవ్వ కూర్చునే తీరు కాదు. ఆ భంగిమ నేనెక్కడో చూశాను, కానీ ఆమెలో కాదు. తర్వాత చెయ్యి కదిపింది. పెన్ను రాసింది. మొదటి అక్షరం వంకరగా, రెండోది ఇంకా వంకరగా, మూడోది కాగితం అంచు దాకా సాగి పడింది. కానీ సిరా ఎక్కడా తెగలేదు.

అట్లా పట్టుకోవాలని నీకెవరు చెప్పారని అడిగాను. అవ్వ తాను రాసినదాన్నే చూస్తూ చెప్పింది.

"మీ తాత రాస్తాంటే ఎదురుగా కూచొని చూసేదాన్ని గదరా. నాకేమో అచ్చరాలు తెలీవు. చెయ్యి గాక ఇంకేం చూసేది?"

నేను సానరాయి మీది నీళ్ళు తుడిచేశాను. తొమ్మిది రోజుల్లో బోరు నీళ్ళను అడిగాను, పొయ్యిని అడిగాను, గరుకు కాగితాన్నీ నూనెనూ అడిగాను, అరవై మైళ్ళు పోయివచ్చి ఎవరో మెట్ల కింద మనిషిని అడిగాను. అదే ఇంట్లో నా పక్కనే కూర్చుని కాయలు వొలుస్తున్న మనిషిని మాత్రం, ఆయన దీన్ని ఎట్లా పట్టుకునేవాడు అవ్వా అని ఒక్కసారి అడగలేదు. చదువు రాని మనిషికి పెన్ను గురించి ఏం తెలుస్తుందనుకున్నాను. అనుకున్నదెవరు? ఏడో తరగతి సగం చదివిన మహా పండితుడు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. మా అవ్వ వంతు వచ్చేసరికి, పక్కనున్న గుమాస్తా ముసలామెను చూసి, అలవాటు కొద్దీ సిరా మెత్త ముందుకు జరిపాడు. అవ్వ దాన్ని వేలి కొసతో వెనక్కి జరిపి, కొంగులోంచి పెన్ను తీసింది. పడుకోబెట్టి, ఒరిగించి, ఊపిరి బిగబట్టి రాసింది. ఆ మూడక్షరాలు తన గడి దాటి, కింద ఇద్దరి గడుల్లోకి కూడా పోయాయి. వెనకాల వరుసలో ఉన్న ఆడవాళ్ళు మాకు చోటేదని గొణిగారు. ఆఫీసరు రిజిస్టరు తిప్పి చూసి, ఇంత పెద్దగా ఎందుకమ్మా అన్నాడు.

"నలభై ఏండ్లది సామీ," అంది మా అవ్వ. "చిన్న గడిలో యాడ పడతాది?"

పక్కింటి అక్క నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకుంది. నాకు నవ్వు రాలేదు. ఊళ్ళో అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. ఆ రోజు మాత్రం సిరా ఆరేదాకా ఆ మూడక్షరాలనే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు నాకు ముదిగుబ్బలో మోటార్లు, మిక్సీలు బాగు చేసే అంగడి ఉంది. నా చేతిలో వస్తువులు చావడం కొంచెం తగ్గింది. ఎవరు ఏది తెచ్చినా వెంటనే విప్పను. కరెంటు పెట్టి, ముందు నువ్వు ఇంట్లో ఎట్లా వాడతావో అట్లా వాడి చూపించమ్మా అంటాను. వచ్చినవాళ్ళు విసుక్కుంటారు. పని చేతకాక కాలం గడుపుతున్నాడని ఎగతాళి చేస్తారు. చేయనీ. పాతికేళ్ళయినా నా చెయ్యి ఇంకా ముందు స్క్రూడ్రైవరు వైపే పోతుంది. దాన్ని వెనక్కి లాక్కుని, చేతులు కట్టుకుని, ఎదుటి మనిషి చేతి వైపు చూస్తాను.